చేతికి రాని రూపాయి

ఒకటో తారీఖు సాయంత్రం మా అమ్మ రెండు పనులు చేసేది. మొదట జీతం కవరు దేవుడి పటం ముందు పెట్టేది. తర్వాత అందులోని చీటీ తీసి, కుడివైపు గడి చూసి మొహం ముడుచుకునేది. ఎడమ గడిలో వచ్చింది, కుడి గడిలో కోసింది. "ఇంత కోత కోస్తే ఇల్లెట్లా గడుస్తుందండీ?" అని నాన్నని నిలదీసేది, కోసింది ఆయనే అయినట్టు. నాన్న నవ్వేసి, "ఎక్కడికీ పోదులేవే" అనేవారు.

మాది పటాన్‌చెరు దారిలో, ఫాక్టరీ సైరను వింటూ పొయ్యి వెలిగించే వీధి. ఆ కుడివైపు గడికి ఒక చరిత్ర ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాతగానీ తెలియలేదు.

ఈ నేలమీద ఫాక్టరీ గొట్టాలు లేవక ముందు, పల్లెలో 'జీతం' అంటే పెద్దరైతు దగ్గర ఏడాదికి కుదరడమే. ఇంటికి భరోసా అంటే పాతర్లో జొన్నలు, కాళ్లకి వెండి కడియాలు, కొట్టంలో రెండు మేకలు. వాన మొహం చాటేస్తే అవన్నీ ఒకటొకటిగా వెళ్లిపోయేవి. ఆ తర్వాత నాగుకి గింజలు తెచ్చుకోవడం, పంటనాడు వడ్డీతో కొలవడం.

కోత పెట్టి కాపాడే పద్ధతి అప్పుడు లేకపోలేదు. నిజాం సర్కారు తన ఉద్యోగుల కోసం 1907లో కుటుంబ పింఛను నిధి పెట్టింది. 1913లో అది జీవిత బీమా నిధి అయింది. కచేరీలో గుమాస్తా భార్యకి ఆ నీడ దక్కింది. కచేరీ మెట్ల కింద నిలబడ్డ జీతగాడి భార్యకి దక్కలేదు.

స్వతంత్రం వచ్చాక, 1952లో ప్రావిడెంట్ ఫండు చట్టం వచ్చింది. మొదట సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము-ఉక్కు, కాగితం, బట్టల మిల్లులు - ఈ ఆరు పరిశ్రమలకే. కోత నూటికి ఆరుంబావు. అంటే సరిగ్గా రూపాయికి అణా! పనివాడిది ఒక అణా, యజమానిది ఒక అణా. ఇవాళ మామూలుగా అది నూటికి పన్నెండు.

ఆ తర్వాతే మా వైపు సైరన్లు మోగాయి. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫాక్టరీ, వాటి చుట్టూ మందుల కంపెనీలు. జొన్నచేలు దున్నినవాళ్ల కొడుకులకి నెలజీతాలొచ్చాయి. చట్టాలూ ఒకదాని వెనక ఒకటి: 1971లో కుటుంబ పింఛను, 1972లో గ్రాట్యుటీ, 1976లో ఫండుతో ముడిపడిన బీమా, 1995లో పింఛను పథకం.

నిజం చెప్పొద్దూ, ఈ కిటుకు ఆడవాళ్లకి సర్కారు నేర్పిందేం కాదు. ఎసట్లో పోసేముందే పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టడం మన వంటింటి అలవాటే కదా! వండాక మిగిల్చుదామంటే మిగలదు. మా పక్కింటి ముసలమ్మ అనేది: "పైసలు చేతికొస్తే నిలువయ్ బిడ్డా. చేతికి రానియ్యకుంటెనే నిలుస్తయ్."

అలాగని కుడివైపు గడి అన్నిటికీ పనికిరాదు. రేపు పిల్లవాడి ఫీజు కట్టాలంటే ఫండు పరిగెత్తుకు రాదు. దానికి పోపులడబ్బా ఉండాలి, చీటీ ఉండాలి - ఆ చీటీ కూడా రిజిస్టరైందై ఉండాలి సుమా! 1971లో మన రాష్ట్రమూ, 1982లో కేంద్రమూ చీటీలకి చట్టాలు చేసింది అందుకే.

నాన్న పోయిన పన్నెండో రోజు అమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. పాత చీటీలన్నీ వరసగా, దారం కట్టి ఉన్నాయి. ఫండు కాగితం మీద 'నామినీ' అన్నచోట అమ్మ పేరు. పెళ్లయిన ఏడే నాన్న రాశారట, ఆవిడకి చెప్పలేదు. తను అంతకాలం తిట్టిన గడిలోంచే తన పేర పింఛను వస్తుందని అమ్మకి ఆరోజే తెలిసింది. చాలాసేపు మాట్లాడలేదు.

మాకు కాగితం దొరికింది. దొరకనివాళ్ల సంగతేమిటి? 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫాక్టరీలో పేలుడు జరిగి నలభైమందికి పైగా పోయారు. ఎక్కడెక్కడి రాష్ట్రాలనించో పొట్టకోసం వచ్చినవాళ్లు. అలాంటి రోజున ఎవరో ఒకరు పెద్ద మొత్తాలు ప్రకటిస్తారు. కానీ బీమాకీ పింఛనుకీ ఆ ఇంటి ఇల్లాలిని అడిగేవి చిన్నచిన్న ప్రశ్నలే: మీ ఆయన ఫండు నంబరెంత? నామినీ ఎవరు? ఆధార్‌లో పేరు, ఫండులో పేరు ఒకటేనా? కాంట్రాక్టరు కింద పనిచేసేవాడికి ఆ గడి అసలుందో లేదో కూడా చాలా ఇళ్లలో తెలియదు. చట్టం వాళ్లకీ వర్తిస్తుంది. చట్టం ఉండడం వేరు, చీటీ మీద కనబడడం వేరు.

జీతం ఎంతని అడగడం మనకి అలవాటే. కోత ఎంత, అది ఎక్కడికి వెళుతోంది, అక్కడ ఎవరి పేరు ఉంది అని అడగడం అలవాటు లేదు. అడిగితే మొగుడి చావు కోరినట్టుంటుందని భయం! పెళ్లికి ముందు రాసిన నామినీని పెళ్లయ్యాక మళ్లీ రాయాలని ఎందరికి తెలుసు? ఇప్పుడు చీటీ సెల్‌ఫోన్లోకి వచ్చేసింది. దారం కట్టి దాచే వీలూ పోయింది. అందుకే అడగాలి.

అమ్మ ఇప్పుడు కూడా పింఛను పడ్డరోజున పాసుపుస్తకం దేవుడి పటం ముందు పెడుతుంది. మొహం మాత్రం ముడుచుకోదు.