తవా మసే సియాహీ

మన పాత మక్తబ్‌లలో రాత నేర్పే తరీఖా ఒకటుండేది. చెక్క తఖ్తీకి ముల్తానీ మిట్టీ పూసి, ఆరబెట్టి, రెల్లు ఖలంతో రాయించేవాళ్లు. ముందు హురూఫ్. తర్వాత ఉస్తాద్ రాసిచ్చిన వాక్యాన్ని చూసి రాయడం. ఆపైన ఇమ్లా. సొంత మజ్మూన్ వంతు చిట్టచివర. దీంతో ఖుష్‌ఖతీ వచ్చేది. మరి తన మాట తాను రాసే హౌసలా?

దానికి జవాబు బీబీ అష్రఫ్ జిందగీలో ఉంది. అసలు పేరు అష్రఫున్నిసా బేగం. 1840లో, నేటి ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ ప్రాంతంలో ఒక సయ్యద్ ఖాందాన్‌లో పుట్టింది. అప్పటి షరీఫ్ ఘరానాల్లో ఆడపిల్లకు ఖురాన్ చదవడం నేర్పేవాళ్లు గానీ ఖలం ఇచ్చేవాళ్లు కాదు. రాయడమొస్తే ఎవరికి ఖత్‌లు రాస్తుందోనని భయం! అష్రఫ్ ఊరుకోలేదు. మధ్యాహ్నం ఇంట్లోవాళ్లు నిద్రపోతుంటే మిద్దె ఎక్కేది. తవా మసే సియాహీ, చీపురు పుల్లే ఖలం. మొదట్లో అర్థం తెలియకుండానే అక్షరాలు దించేది. అలా నేర్చుకున్న మనిషే తర్వాత లాహోర్‌లో విక్టోరియా గర్ల్స్ స్కూల్ ఉస్తానీ అయింది.

కానీ ఆ కథ మనదాకా ఎలా చేరింది? 1898లో లాహోర్‌లో ముహమ్మదీ బేగం, ఆమె షౌహర్ సయ్యద్ ముంతాజ్ అలీ 'తహ్‌జీబె నిస్వాఁ' అనే ఆడవాళ్ల పత్రిక మొదలుపెట్టారు. అరవైకి దగ్గరపడిన బీబీ అష్రఫ్ తన కథ అందులో రాసింది. చదివేవాళ్లున్నారు కాబట్టే రాసింది.

ముంతాజ్ అలీ 1909లో పిల్లల కోసం 'ఫూల్' తెచ్చారు. తొలిరోజుల్లో దాన్ని నడిపిన రచయిత్రి నజ్ర్ సజ్జాద్ హైదర్. ఆమె కూతురు చిన్నతనంలో రాసిన 'బీ చుహియా' అనే చుంచెలుక కథ ఆ 'ఫూల్'లోనే అచ్చయింది. ఆ పిల్లే 'ఆగ్ కా దరియా' రాసిన ఖుర్రతుల్ ఐన్ హైదర్.

తారీఖ్ చెప్పే సబఖ్ ఇదే. చూసి రాస్తే చెయ్యి తిరుగుతుంది. హౌసలా మాత్రం, మన రాత కోసం ఎవరో ఎదురుచూస్తున్నారని తెలిసినప్పుడే వస్తుంది. మన బచ్చాలు ఇంట్లో ఒక జబాన్ మాట్లాడి, బడిలో ఇంకొకటి రాస్తారు. మజ్మూన్ అనగానే గైడ్ తెరుస్తారు. "మా నానీ ఈద్ రోజు ఏం వండింది" అని రాయమనండి. 'అమ్మీ' అని రాస్తే కొట్టేసి 'అమ్మ' అని దిద్దకండి. ముందు చదవండి, కింద రెండు మాటలు జవాబు రాయండి. తప్పులు రేపు దిద్దొచ్చు.