మాంత్రికుడు మన ఊరికి వచ్చిన దారి

తెలుగు తెరకు మాంత్రికుడు కొత్తవాడు కాదు. 1951 నాటి 'పాతాళ భైరవి'లో ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడై భయపెట్టాడు, నవ్వించాడు కూడా. తక్కువ పెట్టుబడితో, కెమెరా కిటుకులతో బి. విఠలాచార్య తీసిన చిత్రాలు 1978 నాటి 'జగన్మోహిని' దాకా పల్లెజనాన్ని ఉర్రూతలూగించాయి. అయితే ఆ మంత్రాలు పారింది ఎక్కువగా రాజులూ రాకుమార్తెలూ తిరిగే లోకంలో. నేలటిక్కెట్టు ప్రేక్షకుడికి అది కథేనని తెలుసు.

1980 ప్రాంతంలో ఈ దూరం చెరిగిపోయింది. యండమూరి వీరేంద్రనాథ్ నవల 'తులసిదళం' క్షుద్రవిద్యను నగరపు మధ్యతరగతి ఇంట్లోకి తెచ్చింది. పసిపిల్లపై ప్రయోగం జరిగేది డబ్బు కోసం; ఆ కథలోని సామాజిక సత్యం అదొక్కటే. వైద్యమూ, మంత్రమూ పక్కపక్కనే నడుస్తాయి. పిల్లను ఏది బతికించిందో రచయిత తేల్చడు. శాస్త్రాన్నీ మూఢత్వాన్నీ ఒకే పీటమీద కూర్చోబెట్టే ఈ మౌనం తటస్థత ఎలా అవుతుంది? రంగనాయకమ్మ ఆనాడే ఈ నవలను నిశితంగా విమర్శించారు. దాని కొనసాగింపు 'తులసి' ఆధారంగా 1986లో 'కాష్మోరా' సినిమా వచ్చింది. పుటమీద సందేహానికి చోటుంటుంది. తెరమీద కనిపించింది జరిగినట్టే లెక్క.

ఇక 2021 డిసెంబరులో నేరుగా ఓటీటీలో విడుదలైన 'మా ఊరి పొలిమేర' చూడండి. అనిల్ విశ్వనాథ్ దర్శకత్వంలో కొద్ది పెట్టుబడితో తీసిన చిత్రం. ఇందులో మాంత్రికుడు కోటలో లేడు, ఆటో నడుపుకునే కొమిరి. చేతబడి చేశాడని ఊరు అతన్ని తగలబెడుతుంది. ఇది మన పల్లెల అసలు విషాదం. కానీ కథ మలుపు తిరిగి, కొమిరి నిజంగానే ఆ విద్య నేర్చినవాడని నిరూపిస్తుంది. అంటే నిప్పుపెట్టిన గుంపు అనుమానమే నిజమైంది! ఆ విజయంతోనే 2023లో రెండవ భాగం థియేటర్లకు వచ్చింది.

తెలుగునేలపై చేతబడి నెపంతో పళ్లూడగొట్టారు, ప్రాణాలు తీశారు. వేలెత్తి చూపేది తరచు ఒంటరి ముసలమ్మనో, భూమి తగాదాలో ఉన్న బక్కరైతునో. చదువొక్కటే దీనికి మందు కాదు. 2021 జనవరిలో నాటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో, చదువుకున్న ఇంట్లోనే, ఇద్దరు యువతులు మూఢనమ్మకానికి బలయ్యారు.

భయం కథావస్తువు కాకూడదని ఎవరూ అనరు. ఆ భయం ఎవరిదన్నదే ప్రశ్న. మంత్రానికి భయపడేవాడి కథలు చాలా వచ్చాయి. మంత్రగాడన్న ముద్రపడి, రాత్రి తలుపు చప్పుడుకు ఉలిక్కిపడే మనిషి కథ రావాలి. అది రాయవలసినవాళ్లం మనమే.