ముగ్గురు కావలివాళ్ళు

మన పెదపాడు ఇళ్ళలో వెలిగే దీపాలకు కల్పాక్కం, కైగా అణు విద్యుత్కేంద్రాల కరెంటూ కొంత కలుస్తున్నది. ఆ కేంద్రాలు ఊరికే ఆగిపోకుండా ఎట్లా నడుస్తున్నాయో చెప్పుకోదగిన చరిత్ర.

అణు రియాక్టరులో వేడిగాని, పీడనంగాని హద్దు మీరితే మనిషి చెయ్యి పడకుండానే అది ఆగిపోతుంది. దీనినే ట్రిప్ అంటారు. ఇది ప్రాణరక్షణకు ఉన్న ఏర్పాటు. కాని ప్రమాదమేమీ లేకుండా, ఒక మీటరు చెడినందుకే ఆగిపోతే? మన భారజల రియాక్టరును అరగంటలోగా తిరిగి నడపలేకపోతే లోపల జినాన్ అనే వాయువు పెరిగి, సుమారు ఒకటిన్నర రోజు దానిని లేవనివ్వదు. 220 మెగావాట్ల యూనిట్‌కు ఆ నష్టం దాదాపు 79 లక్షల యూనిట్లు. పైగా "నాన్నా పులి" కథలోలాగా, ఉత్తుత్తి కేకలు ఎక్కువైతే నిజమైన కేకకు విలువ పోతుంది.

దీనికి విరుగుడుగా ప్రతి ముఖ్యమైన కొలతకూ మూడు వేర్వేరు పరికరాలు పెట్టారు. ఏ రెండు "ప్రమాదం" అన్నా రియాక్టరు ఆగుతుంది; ఒక్కటి చెడి అరిస్తే ఆగదు. నడుస్తుండగానే ఒక్కొక్కదానిని పరీక్షించుకోవచ్చు కూడా.

ఈ విద్యకు దేశంలో పునాది వేసినవారిలో మన గోదావరి బిడ్డ ఒకరు. మొగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారి బృందమే 1956లో ట్రాంబేలో నడక మొదలుపెట్టిన అప్సర రియాక్టరుకు నియంత్రణ పరికరాలు తయారుచేసింది. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. స్థాపించి, అణు కేంద్రాల పరికరాలు స్వదేశంలోనే తయారయ్యే దారి వేసినదీ వారే.

బయటి చిక్కు మరొకటి ఉండేది. 1990లలో గ్రిడ్డు ఫ్రీక్వెన్సీ 50 నుండి 48 దరికి పడిపోయేది. గ్రిడ్డు ఊగితే కేంద్రాలూ ఆగేవి. 2003లో దక్షిణ గ్రిడ్డులో, ఫ్రీక్వెన్సీ పడినప్పుడు వాటాకు మించి వాడుకున్నవారు ఎక్కువ ధర చెల్లించే పద్ధతి వచ్చాక ఆ ఊగిసలాట తగ్గింది.

ఫలితం కైగాలో కనబడింది. అక్కడి మొదటి యూనిట్ 2016 మే 13 నుండి 2018 డిసెంబరు 31 వరకు 962 రోజులు ఏకధాటిగా నడిచి, అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. తరువాత కెనడాలోని డార్లింగ్టన్ యూనిట్ దానిని దాటింది.

కావలివాణ్ణి నిద్రపుచ్చి సాధించినది కాదిది, ముగ్గురిని నిలబెట్టి సాధించినది. మన ఇళ్ళలో సైన్సు చదివే మనవలకు మొగల్లు సాంబశివరావుగారి పేరు తప్పక చెప్పవలెనని నా మనవి.