ముందు తీర్పు, పాత మామూలు

ఖతర్ ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల్లో బతికే కరీంనగర్, కడప కార్మికులు ఒక న్యాయ సంప్రదాయంలో పుట్టి మరొకదానిలో పని చేస్తున్నారు. మన దేశంలో పై కోర్టు ఒకరికి చెప్పిన న్యాయం తర్వాత వచ్చేవాళ్లకూ వర్తిస్తుంది. 1935 భారత ప్రభుత్వ చట్టం ఆ బలాన్ని ప్రీవీ కౌన్సిల్, ఫెడరల్ కోర్టు తీర్పులకు ఇచ్చింది. రాజ్యాంగం 141వ అధికరణం సుప్రీంకోర్టుకు ఇచ్చింది. ఖతర్ దారి వేరు. అక్కడి 2004 సివిల్ కోడ్ మొదటి అధికరణం ప్రకారం జడ్జి ముందు శాసనం చూడాలి, అది లేకుంటే షరియా, తర్వాత ఆచారం, చివరికి న్యాయసూత్రాలు. ఆ వరసలో ఆచారానికి చోటుంది, పూర్వ తీర్పుకు లేదు. బతుకులోనూ జరిగిందదే. అకామా (నివాస అనుమతి) పని కాగానే పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేయాలని 2009 చట్టమే స్పాన్సర్ అయిన కఫీల్‌కు చెప్పింది. అయినా కంపెనీ ఆఫీసు బీరువాలో పాస్‌పోర్టులు ఉంచుకోవడం మామూలుగానే సాగింది. బలవంతుడు నాలుగుసార్లు చేసిన పని ఏ కోర్టూ చెప్పకుండానే ఆనవాయితీ అవుతుంది. బలహీనుడి గెలుపు అలా కాదు, దాన్ని ఒక వ్యవస్థ పనిగట్టుకుని గుర్తుంచుకోవాలి.

చట్టం మారితే చాలదా అని అడగవచ్చు. మారింది, ఆ మార్పు చిన్నది కాదు. 2020లో కంపెనీ మారడానికి పాత యజమాని ఇచ్చే ఎన్‌ఓసీ అక్కర్లేకుండా పోయింది. 2021 మార్చి నుంచి కనీస మూలవేతనం 1000 రియాళ్లు. 2017 చట్టంతో జడ్జి అధ్యక్షతన కార్మిక వివాదాల కమిటీలు వచ్చాయి, మూడు వారాల్లో తేల్చాలన్న గడువుతో. కానీ ఓవర్‌టైమ్ చేశానని కార్మికుడు, చేయలేదని కంపెనీ అన్నప్పుడు ఏ కాగితం చెల్లుతుంది? క్యాంపు బస్సు ఎక్కిన వేళలు రాసుకున్న చిన్న పుస్తకం చెల్లుతుందా? చట్టం అంత లోతుకు దిగదు, తీర్పులే దిగాలి. ఒక కమిటీ ఇచ్చిన జవాబు రేపటి కమిటీని కట్టడి చేయదు కాబట్టి పక్క మంచం మనిషి మళ్లీ మొదటి నుంచి వాదించుకోవాలి. పూర్వ తీర్పు తప్పునూ మోసుకొస్తుందన్నది బలమైన అభ్యంతరమే: ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ హక్కును కాదన్న 1976 నాటి సుప్రీంకోర్టు ఏడీఎం జబల్‌పూర్ తీర్పు 2017 దాకా నిలిచింది. అయినా అది రాతలో ఉంది గనుకే వేలు పెట్టి చూపి కొట్టివేయగలిగారు. బీరువా మామూలును ఎక్కడని పట్టుకుని రద్దు చేస్తారు? దోహాలోనే ఖతర్ ఫైనాన్షియల్ సెంటర్ కోర్టు తన తీర్పులను ప్రచురిస్తోంది, పాతవాటిని ఉదహరిస్తోంది. వ్యాపార సంస్థలకు దొరికిన ఆ సదుపాయం జీతం కోసం వచ్చినవాడికీ దొరకాలి: కమిటీల నిర్ణయాలు, పేర్లు తీసేసి, కారణాలతో సహా, అరబిక్‌తో పాటు హిందీ, నేపాలీ, బెంగాలీ, తెలుగుల్లో అచ్చు కావాలి.