నిజాంపట్నానికి వచ్చిన ఉత్తరంలో పంచ్

"ఇంట్లో ఉన్నవాటితోనే కాక్‌టెయిల్" అని రీల్స్ తెగ వస్తున్నాయి కదా. నిమ్మకాయ, పంచదార, ఫ్రిజ్‌లో ఐసు, వెనకాల ఒక ఇంగ్లీషు పాట. అది న్యూయార్క్ నుంచో లండన్ నుంచో మనకి దిగిన అలవాటు అనుకుంటాం. ఇవాళ ఆ దారిని వెనక్కి నడిచి చూద్దాం.

బాపట్ల జిల్లాలో నిజాంపట్నం ఉంది, తెలుసుగా. ఇప్పుడు చేపల హార్బర్. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు ఈ ఊరిని పెటపోలి అని రాసేవాళ్లు. 1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చి ఇక్కడా, మచిలీపట్నంలోనూ బట్టల వ్యాపారానికి దిగారు. 1632 సెప్టెంబర్‌లో రాబర్ట్ ఆడమ్స్ అనే ఈస్టిండియా కంపెనీ మనిషి, పెటపోలిలో ఉన్న థామస్ కాలీ అనే వర్తకుడికి ఉత్తరం రాశాడు. మీరంతా కలిసి బాగా ఉండండి, కొలత పెట్టుకోకుండా పంచ్ తాగండి అని అందులో ఓ మాట. ఇంతవరకు దొరికిన ఇంగ్లీషు కాగితాల్లో ఈ డ్రింక్ పేరు కనిపించే మొదటి చోటు ఇదే.

ఒకటి గమనించారా? పంచ్ అంటే ఏంటో ఆయన వివరించలేదు. అంటే కాలీకి అప్పటికే తెలుసు.

అసలు వీళ్లకి దీని అవసరం ఏంటి? ఇంగ్లండ్ నుంచి ఓడలో నెలలకొద్దీ ప్రయాణం. ఆ వేడికి బీరు పులిసిపోయేది, వైన్ చెడిపోయేది. ఇక్కడ దొరికింది సారా. కల్లు కాచి దించిన సరుకు, గొంతు మండిపోతుంది. దాన్ని లొంగదీయడానికి నిమ్మరసం, చక్కెర, నీళ్లు, మసాలా. అన్నీ మన సంతలో దొరికేవే. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, సిస్టమ్‌లో ఉన్న లైబ్రరీలతోనే యాప్ కట్టేశారు, కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా.

పేరు సంగతి. 1670లలో మన దేశం తిరిగిన జాన్ ఫ్రయర్ అనే డాక్టరు, ఐదు సరుకులు పడతాయి కాబట్టి "పంచ" అనే మాట నుంచి వచ్చిందని రాశాడు. వినడానికి బాగుంది. కానీ 1638లో సూరత్‌లో ఉన్న మాండెల్‌స్లో అనే జర్మన్ యాత్రికుడు చెప్పిన లిస్టులో నాలుగే ఉన్నాయి: సారాయి, పన్నీరు (తినే పనీర్ కాదు, గులాబీ నీళ్లు), నిమ్మరసం, చక్కెర. పంచన్ అనే పీపా పేరు నుంచి వచ్చిందని ఇంకో వాదన. నాకైతే "ఐదు" కథ మరీ నీట్‌గా కుదిరినట్టు అనిపిస్తుంది.

ఇంకో విషయం, దీన్ని వదిలేసి వెళ్లలేను. 1630 నుంచి 32 దాకా గుజరాత్, దక్కన్‌లలో ఘోరమైన కరువు. లక్షల మంది పోయారు. ఆ బట్టలు నేసిన చేతులూ అందులో ఉన్నాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ "కొలత లేకుండా తాగండి" ఉత్తరం. కాలీ పేరు మనకి తెలుసు. ఆ గిన్నెలో పడ్డ సారా కోసం చెట్టెక్కి కల్లు గీసినవాడి పేరు ఏ కాగితంలోనూ లేదు.

తర్వాత పంచ్ లండన్ వెళ్లింది. కరీబియన్ దీవుల్లో సారా బదులు రమ్ము పోశారు. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ ఊరి పత్రిక ఒకటి "కాక్‌టెయిల్" అంటే ఏంటో చెప్పింది: మందు, చక్కెర, నీళ్లు, బిట్టర్స్. ఇదీ దగ్గరి చుట్టమే, కాకపోతే గిన్నెడు కాదు, గ్లాసుడు. 1862లో జెర్రీ థామస్ వేసిన బార్టెండర్ పుస్తకంలో కూడా ముందు వచ్చేవి పంచ్‌లే.

ఇంట్లో ట్రై చేస్తారా? కరీబియన్ లెక్క ఈజీ: పులుపు ఒక వంతు, తీపి రెండు, మందు మూడు, నీళ్లు నాలుగు. 21 నిండనివాళ్లు ఆ మూడు వంతులు తీసేయండి. బెల్లం, మిరియాలు, యాలకులు వేస్తే ఇంచుమించు మన శ్రీరామనవమి పానకమే. పానకం నుంచే పంచ్ వచ్చిందని నేను అనట్లేదు, కామెంట్స్‌లో కొట్టుకోకండి. ఉంటాను మరి.