లారీల స్పీడ్ గవర్నర్: అనంతపురం దారుల్లో వేగ నియంత్రణ

లారీ ఒక నిర్ణీత వేగం దాటకుండా ఇంజనుకు డీజిల్ తగ్గించే పరికరం స్పీడ్ గవర్నర్. దీన్నే స్పీడ్ లిమిటర్ అని కూడా అంటారు. డ్రైవర్ల నోట ఒక్క ముక్కలో ‘గవర్నర్’. దీనికి దగ్గరి బంధువు టాకోగ్రాఫ్. అది వేగాన్ని ఆపదు; బండి ఎంత వేగంతో, ఎన్ని గంటలు నడిచిందో రాసి పెట్టుకుంటుంది. ఐరోపా లారీల్లో ఈ రెండూ ఉంటాయి. మన దేశంలో మామూలు సరుకు లారీలకు మొదటిది మాత్రమే తప్పనిసరి. అనంతపురం పీఠభూమి మీదుగా సాగే లారీల వేగం గురించి ఏం చెప్పాలన్నా ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలి.

దారులు, సరుకులు

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు దాటాక గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా వచ్చి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కర్ణాటకలోకి దిగుతుంది. పాత లెక్కలో ఇది 7వ నంబరు. పెద్దవాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. బళ్లారి వైపు నుంచి కృష్ణపట్నం రేవుకు పోయే 67వ నంబరు దారి దీన్ని గుత్తి దగ్గర కలుస్తుంది. 2022 ఏప్రిల్‌లో పెనుకొండ, హిందూపురం, కదిరి ప్రాంతాలు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి గానీ లారీకి జిల్లా గీతతో పనిలేదు.

ఈ దారుల్లో ఏం పోతాయో చూస్తే వేగం గొడవ ఎక్కడుందో తెలుస్తుంది. తాడిపత్రి సిమెంటు, బండలు, ఎర్రమంచి దగ్గరి కియా కర్మాగారం నుంచి కార్లు మోసుకుపోయే పొడవాటి ట్రైలర్లు, గాలిమరల రెక్కలు – ఇవి ఒక పూట ఆలస్యమైనా చెడిపోవు. చీనీ (బత్తాయి), దానిమ్మ, టమాటా, అరటి అలా కాదు. కోసిన గంట నుంచే వాటి ధర తగ్గుతూ పోతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే నేలలో, బోరు నీళ్లతో బతికించుకున్న తోట కాపు అది. ఢిల్లీ మండీకి ఒక రోజు ముందు చేరితే ఒక ధర, తర్వాత చేరితే ఇంకో ధర. ఆ తొందర రైతు దగ్గర పుట్టి వ్యాపారి మీదుగా చివరికి డ్రైవరు కుడికాలి మీదకు వచ్చి పడుతుంది. ఈ తొందర తీర్చడానికే 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి దక్షిణాదిలోనే మొదటి కిసాన్ రైలు నడిపారు.

పీఠభూమి రోడ్డుకు ఒక గుణముంది. చెట్టూ నీడా తక్కువ, చూపు ఆనినంత మేరా ఒకటే తీరు. గంటల తరబడి ఒకే వేగంతో పోయిన డ్రైవరుకు ఆ వేగం తెలియడం మానేస్తుంది. నాలుగు వరుసల దారి దిగి ఊరి రోడ్డు ఎక్కినా, 40కి తగ్గించానని అనుకుంటూ 60లో పోతుంటాడు. కళ్లు చేసే ఈ మోసాన్ని పట్టి చూపేది మీటరు, మీటరు కూత మాత్రమే.

పనిచేసే తీరు

గేర్‌బాక్సు నుంచి చక్రాలకు తిరుగుడు అందించే షాఫ్టు దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది. షాఫ్టు తిరిగే కొద్దీ అది విద్యుత్ స్పందనలు పంపుతుంది. వాటిని లెక్కపెట్టి, టైరు చుట్టుకొలతతో కలిపి ఇంజన్ కంప్యూటరు వేగం తేలుస్తుంది. హద్దు దగ్గర పడగానే డ్రైవరు ఎంత తొక్కినా డీజిల్ పెరగదు. కంప్యూటరు లేని పాత లారీల్లో యాక్సిలరేటర్ తీగ దగ్గరో, డీజిల్ గొట్టం మీదో విడిగా ఒక యూనిట్ బిగించి ఇదే పని చేయిస్తారు. టైరు బాగా అరిగితే చుట్టుకొలత తగ్గి, మీటరు అసలు వేగం కంటే కాస్త ఎక్కువ చూపుతుంది. అందుకే టైరు సైజు మార్చినప్పుడల్లా లెక్క సరిచేయాలి.

ఒక్క విషయం మాత్రం ప్రతి డ్రైవరూ గట్టిగా మనసులో పెట్టుకోవాలి. గవర్నర్ డీజిల్ ఆపగలదు, బండిని ఆపలేదు. దిగుడులో లోడు బరువే లారీని తోస్తుంది. అక్కడ బ్రేకు, గేరు తప్ప దిక్కు లేదు. దిగుడు రాగానే న్యూట్రల్ చేసి వదిలేస్తే డీజిల్ మిగులుతుందన్నది పాత అలవాటు. న్యూట్రల్‌లో లారీ గవర్నర్ హద్దును దాటి పోగలదు, పరికరం చూస్తూ ఊరుకోవలసిందే. మిగులుతుందన్న డీజిల్ కూడా మిగలదు. కొత్త ఇంజన్లలో బండి గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలితేనే డీజిల్ పూర్తిగా ఆగుతుంది. న్యూట్రల్‌లో ఐడిల్ తిరగడానికి ఇంజను తాగుతూనే ఉంటుంది.

డ్రైవర్లు చెప్పే ఇబ్బంది ఓవర్‌టేక్. అది నిజమైన ఇబ్బందే. 76లో పోతున్న లారీని 80 దాటలేని లారీ ఓవర్‌టేక్ చేయాలంటే, ముందూ వెనకా ఖాళీతో కలిపి 45 మీటర్లు అదనంగా గెలవాలి. దానికి 40 సెకన్లు పడుతుంది. ఆలోగా రెండూ పక్కపక్కనే దాదాపు 900 మీటర్లు పోతాయి. జర్మనీలో దీనికి ‘ఏనుగుల పందెం’ అని పేరు. పరిష్కారం గవర్నర్ తీసేయడం కాదు, 4 కిలోమీటర్ల తేడా కోసం ఓవర్‌టేక్ చేయకపోవడం.

చట్టం

వేగ నియంత్రణ పరికరాల సంగతి 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 118వ నియమం చెబుతుంది. మొదట దీని అమలు రాష్ట్రాల నిర్ణయానికే వదిలేశారు. 2015 ఏప్రిల్ 15 నాటి సవరణతో ఇది దేశమంతటికీ వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి తయారయ్యే రవాణా వాహనాలకు 80 కిలోమీటర్ల హద్దుతో గవర్నర్ తప్పనిసరి. డంపర్లకు, ట్యాంకర్లకు, స్కూలు బస్సులకు, ప్రమాదకర సరుకులు మోసే బళ్లకు ఆ హద్దు 60. ఆటోలు, అంబులెన్సులు, ఫైరింజన్లు, పోలీసు బళ్ల వంటి వాటికి మినహాయింపు ఉంది. పరికరం ‘ఏఐఎస్ 018’ ప్రమాణానికి సరిపోవాలి.

రోడ్డు మీద వేగ పరిమితి వేరే సంగతి. దాన్ని 2018 ఏప్రిల్ 6 నాటి కేంద్ర నోటిఫికేషన్ నిర్ణయించింది. సరుకు బళ్లకు ఎక్స్‌ప్రెస్‌వేల మీద, మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల దారుల మీద 80, పట్టణాల్లోనూ మిగతా రోడ్ల మీదా 60. అంటే 44వ నంబరు దారి మీద గవర్నరూ చట్టమూ ఒకే మాట చెబుతాయి. అదే లారీ గుత్తి దగ్గర పక్కకు తిరిగి రెండు వరుసల రోడ్డు పట్టిందా, చట్టం 60 అంటుంది, గవర్నర్ మాత్రం 80 దాకా నోరెత్తదు. ఆ 20 కిలోమీటర్ల తేడా చిన్నది కాదు. వేగం 60 నుంచి 80కి పెరిగితే గుద్దుకునే శక్తి సుమారు 78 శాతం పెరుగుతుంది. 80లో పోయే లారీ సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోగానే 30 మీటర్లు దాటిపోతుంది.

2019 సవరణ తర్వాత అతివేగానికి మధ్యతరహా, భారీ వాహనాలకు జరిమానా 2,000 నుంచి 4,000 రూపాయలు. రెండోసారి దొరికితే లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చు. దొరికితేనే కదా! 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారనీ, అందులో 71 శాతానికి అతివేగం కారణమనీ కేంద్ర రవాణా శాఖ లెక్క.

రాసి పెట్టుకునే యంత్రం

ఐరోపాలో 12 టన్నులకు మించిన లారీలకు 90 కిలోమీటర్ల లిమిటర్ 1992 నాటి ఆదేశంతో వచ్చింది, తర్వాత 3.5 టన్నులు దాటిన బళ్లన్నిటికీ విస్తరించారు. కాగితపు చక్రం మీద సూదితో గీతలు గీసే టాకోగ్రాఫ్ బదులు డిజిటల్ టాకోగ్రాఫ్ 2006 మే 1 నుంచి కొత్త లారీల్లో తప్పనిసరి అయింది. డ్రైవరు తన పేరు మీదున్న కార్డు పెడితేనే లెక్క అతని ఖాతాలో పడుతుంది. బండి నడిచిన చివరి 24 గంటల్లో సెకను సెకనుకూ ఎంత వేగమో యంత్రం దాచుకుంటుంది. హద్దు దాటి నిమిషానికి పైగా పోతే దాన్ని అతివేగ ఘటనగా నమోదు చేస్తుంది. గడిచిన ఏడాదిలో అన్నిటికంటే తీవ్రమైన అయిదింటిని చెరిపేయకుండా ఉంచుతుంది. రెండేళ్లకోసారి పరీక్ష చేసి సీలు వేయించాలి. లిమిటర్ తీగ కోసినా, దిగుడులో న్యూట్రల్ చేసినా యంత్రం రాసుకుంటూనే ఉంటుంది. పైగా అది విశ్రాంతినీ లెక్కగడుతుంది: నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాల్సిందే.

మన దగ్గర ఇది ఎరగని సంగతేమీ కాదు. అనంతపురం జిల్లాలోని గుంతకల్లు కేంద్రంగా ఉన్న రైల్వే డివిజన్‌లో నడిచే ప్రతి ఇంజనుకూ వేగం నమోదు చేసే యంత్రం ఉంటుంది. లోకో ఇన్‌స్పెక్టర్లు ఆ లెక్క తీసి చదువుతారు. ఇలాంటి యంత్రాలను హైదరాబాదులోని మేధా సర్వో డ్రైవ్స్ తయారు చేస్తోంది. రైలు డ్రైవరు వేగానికి రాత ఉంది, మామూలు లారీ డ్రైవరు వేగానికి లేదు. రెండిటిలోనూ పోయేది మనుషుల ప్రాణాలే కాబట్టి ఈ తేడాకు సమర్థన కనిపించదు.

కార్లలో 80 దాటితే హెచ్చరించి, 120 దాటితే ఆగకుండా మోగే కూతను 2019 జూలై 1 నుంచి తప్పనిసరి చేశారు. 80 దగ్గరే ఆగిపోయే లారీకి ఆ కూతతో పనిలేదు. దానికి కావలసింది, 60 దారిలోకి దిగినప్పుడు మోగేది. రోడ్డు బోర్డులను, మ్యాపును చూసి అలా హెచ్చరించే ఏర్పాటును ఐరోపాలో 2024 జూలై నుంచి కొత్త బళ్లన్నిటికీ, లారీలతో సహా, తప్పనిసరి చేశారు. మన లారీ యజమానుల్లో చాలామంది జీపీఎస్ పెట్టించుకుని ఫోనులో బండి వేగం చూసుకుంటున్నారు. అయితే ఆ కూత యజమాని జేబులో మోగుతుంది, స్టీరింగ్ దగ్గర కాదు.

గంటల లెక్క

అనంతపురం నుంచి ఢిల్లీ సుమారు 1,900 కిలోమీటర్లు. టోళ్లు, ఊళ్లు, ఎక్కుళ్లు కలుపుకొని సగటు 50 పడిందనుకుంటే 38 గంటల స్టీరింగ్. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు హద్దు పెట్టింది. ఆ లెక్కన ఒక్క డ్రైవరుకు ఇది అయిదు రోజుల పని. కానీ అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే ఆ చట్టం వర్తించేలా రాశారు. ఒకటి రెండు లారీల యజమాని, అతని డ్రైవరు దాని బయటే ఉండిపోయారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేయడం మంచి నిర్ణయం. మే నెలలో ఆ ఇంజను పక్కన కూర్చుని గుత్తి దాటిన వాళ్లకే దాని విలువ తెలుస్తుంది. అయినా నిద్రలేమికి ఏసీ మందు కాదు.

కొత్త చట్టాలు వచ్చేదాకా ఆగనక్కర లేని పనులు కొన్ని ఉన్నాయి. 44వ నంబరు దారి మీది కాసేపల్లి, మరూరు టోల్ ప్లాజాల్లో ఫాస్టాగ్ ప్రతి లారీ సమయాన్నీ నమోదు చేస్తూనే ఉంది. ఆ రెండు సమయాల తేడా నుంచి సగటు వేగం తీయడం తీసివేతా భాగహారాల లెక్క. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) కోసం బండి వెళ్లిన రోజు బ్రేక్ ఇన్‌స్పెక్టరు గవర్నర్ సీలును చేత్తో పట్టి చూడాలి. చీనీ లోడు పంపే వ్యాపారులు ఢిల్లీ చేరవలసిన గంట చెప్పేముందు ఈ 38 గంటలను కాగితం మీద వేసి చూడండి; తక్కువ గంటలు చెప్పక తప్పదనుకుంటే రెండో డ్రైవరు బత్తా కూడా కిరాయిలో కలపండి.