డర్బీపట్టణమున సైకిలు చట్రములను గట్టు కర్మశాల

మనలో సైకిలు నెక్కనివారరుదు. దానిని గొన్నవారు పెక్కురు. అది యెట్లు పుట్టునో యెఱిగినవారు స్వల్పులు. అంగడిలో నొకే మచ్చున నూఱు సైకిళ్లు వరుసగా నిలిచియుండుటను జూచిన మనకు, ఒక్క మనుష్యుని కాలుసేతుల కొలతలను దీసికొని, వానికొఱకే యొక చట్రమును జేతితో గట్టియిచ్చు శిల్పులు లోకమున గలరనిన నాశ్చర్యము గలుగవచ్చును. ఇంగ్లండు దేశమున గత శతాబ్ది మధ్యమునందు అట్టి చిన్న శాలలు పట్టణపట్టణమునను వెలసియుండెను. వానిలో డర్బీపట్టణమునందలి మెర్షియన్ కర్మశాలను ముఖ్యముగా బెట్టుకొని, ఆ వృత్తియొక్క చరిత్రమును దినచర్యను సోదరుల కెఱిగింప బూనితిని. కొలిమియు ఆకురాయియు వెలిగారమును దెలిసిన కుటుంబములవారు మన మహాసభలో ననేకులు గలరు గనుక నిందలి పని వారికి బొత్తిగా గ్రొత్తదని తోపదు.

సైకిలుయొక్క పూర్వవృత్తాంతము పొడవైనది. అంతయు నిచట జెప్ప బనిలేదు. 1885వ సంవత్సరమున కవెంట్రీపట్టణవాసియగు జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' అను వాహనమును వెలువరించెను. అంతకుముందు వాడుకలోనున్న దానికి ముందరి చక్రము మనిషి రొమ్మెత్తు. ఎక్కినవాడు జాఱిపడినచో తల పగులుటయే. స్టార్లీ రెండు చక్రములను ఇంచుమించు సమానముగా జేసి గొలుసుచే వెనుక చక్రమును ద్రిప్పించెను. 1888లో డన్లపు గాలి నిండిన రబ్బరు టైరును గల్పించెను. తరువాత గొలది యేండ్లలోనే చట్రము రెండు త్రిభుజములు ఒక భుజమును బంచుకొన్నట్టి రూపమును దాల్చెను. రేఖాగణితము జెప్పినవాడను గనుక నొక్కమాట: చతుర్భుజమును నొక్కిన వంగును, త్రిభుజమును భుజములు విఱుగనిదే వంచ వీలులేదు. నేటివరకును ఆ రూపము ముఖ్యముగా మాఱకపోవుటకు నిదియే కారణము.

ఋగ్వేదమున ఋభువులను శిల్పులు అశ్వినీదేవతలకు గుఱ్ఱములును పగ్గములును లేని మూడు చక్రముల రథమును జేసియిచ్చినట్లు చెప్పబడియున్నది. దీనినిబట్టి వేదమున సైకిలు గలదనువారు కొందఱు బయలుదేఱవచ్చును. అట్టి మాటలు పండితులకు శోభింపవు. ఎక్కువానికి దగినట్లు వాహనమును జేసియిచ్చు శిల్పికి ఆ కాలమునను గౌరవముండెనని మాత్రము గ్రహించిన జాలును.

చట్రమునకు బ్రాణము గొట్టము. బర్మింగుహామునందు రెనాల్డ్సు కుటుంబమువారు 1841 మొదలు మేకులు చేయుచుండిరి. ఆ వంశమువాడగు ఆల్ఫ్రెడ్ రెనాల్డ్సు సన్నని గొట్టములను గీళ్లయొద్ద నతికినప్పుడు అవి బలహీనములగుటను జూచి, పైకి సమానముగా గనబడుచు లోపల కొనలయందు మాత్రము దళసరిగా నుండు గొట్టమును గల్పించి 1897లో దానికి హక్కు పొందెను. నడుమ బలువు తగ్గెను, అతుకుచోట బలము నిలిచెను. 1935లో ఆ సంస్థ మాంగనీసు, మాలిబ్డినము అను లోహములు గలిసిన యుక్కుతో గొట్టములను జేసి వానికి 531 అని పేరిడెను. ఈ గొట్టము నడుమ దళసరి సుమారు 0.6 మిల్లీమీటరు మాత్రమే. ఇచట నొక విశేషము గలదు. రెనాల్డ్సు సంస్థ 1928 నుండి 'ట్యూబ్ ఇన్వెస్టుమెంట్సు' అను పెద్ద సంస్థలో జేరియుండెను. 1949లో మురుగప్ప కుటుంబమువారితో గలిసి మద్రాసున సైకిళ్ల కార్ఖానాను స్థాపించినదియు ఆ పెద్ద సంస్థయే. మన పల్లెలలో పాలబిందెలను, ధాన్యపు మూటలను మోసిన హెర్క్యులిస్ సైకిలునకును డర్బీలోని పందెపు చట్రమునకును ఇట్లు దూరపు బంధుత్వము గలదు.

ఇక నీ చట్రములను గొన్నవారెవరు? ధనికులని తలంపరాదు. 1890 ప్రాంతమున ఇంగ్లండునందలి సైకిలు సంఘమువారు రహదారులపై గుంపుగా బందెములు వేయుటను నిషేధించిరి; అశ్వశకటములవారును రక్షకభటులును విరోధింతురని వారి భయము. అందుపై 1895లో బిడ్లేకు అనునాయన యొక యుపాయము జెప్పెను. ఒక్కొక్కని నిమిషమునకొకనిగా వదలి, గడియారముతో మాత్రము పోటీ పెట్టవలెను. ఆదివారము తెల్లవాఱుజామున, ఊరు మేల్కొనకమున్నే, నల్లని బట్టలు దొడిగికొని, దారి పేరునైన బయటపెట్టక రహస్యముగా నీ పందెములు జరుగుచుండెడివి. ఇది యించుమించు అర్ధశతాబ్ది సాగెను. 1942 జూను 7వ తేదీన పెర్సీ స్టాలార్డు బాహాటముగా గుంపు పందెము నడిపి సంఘమునుండి వెలివేయబడెను గాని, తుదకు వాని పక్షమే గెలిచెను.

ఈ పందెములకు బోవువారు గనిపనివారు, రైలుకార్ఖానా పనివారు, గుమాస్తాలు. డర్బీయందు రైలుయంత్రముల కార్ఖానాయు, 1908 నుండి రోల్సు రాయిసు కార్ఖానాయు నుండెను గనుక యంత్రపుబనియొక్క మేలుసేతలను జేతితో తాకి చెప్పగలవారు ఆ యూర గొల్లలు. అనేకులకు ఒక్కటే సైకిలు. సోమవారము మొదలు శనివారము వఱకు దానిపైననే పనికి బోవుదురు. ఆదివారమునాడు పందెపు చక్రములను ముందరి చక్రమునకు ఇరువైపుల గట్టికొని పందెపుచోటికి దొక్కికొనిపోయి, అచట చక్రములను మార్చి పరుగిడి, మరల పాత చక్రములను దొడిగి ఇల్లు చేరుదురు. వారముల తరబడి కూలి కూడబెట్టి కొన్న చట్రము గనుక నది తన యొంటికి సరిపోవలెనని పట్టుదల. కార్ఖానాలో లక్షలకొలదిగా జేయు సైకిలు అందఱికి గొంచెము గొంచెముగా సరిపడును, ఎవనికిని సంపూర్ణముగా సరిపడదు.

1946లో, యుద్ధము ముగిసిన మఱుసటి యేట, టామ్ క్రౌథరును లూ బార్కరును గలిసి డర్బీయందు మెర్షియన్ శాలను స్థాపించిరి. ఆ ప్రాంతము పూర్వము మెర్షియా రాజ్యములోనిదగుటచే నా పేరు. ఇట్టి శాలలో నొకదినము ఎట్లు గడచునో చెప్పెదను.

ఉదయము శాల తెఱచునప్పటికి బల్లపై కొలతకాగితము సిద్ధముగా నుండును. అందు గొనువాని కాలిపొడవు, మొండెముపొడవు, చేతులపొడవు, బరువు వ్రాసియుండును. పందెమునకా, దూరప్రయాణమునకా, రెంటికినా యనియు నుండును. వీనినిబట్టి గొట్టముల నిడివియు కోణములును నిర్ణయింతురు. పందెమునకైన నిటారుగా 73 భాగల ప్రాంతమునను, దూరప్రయాణమునకైన నింక నొకటి రెండు భాగలు వాలుగాను బెట్టుట వాడుక. ఒక్క భాగ మాఱినను ఎక్కినవానికి దెలియును. కాగితముపై నెవరైనను లెక్క వేయవచ్చును గాని, గొనువాడు తనకు గావలసినదిగా జెప్పినది నిజముగా వానికి గావలసినదేనా యని పసిగట్టుట యనుభవముచే గాని రాదు.

పిమ్మట గొట్టములను గోయుదురు. ఒక గొట్టము మఱియొక గొట్టమును దాకుచోట అర్ధచంద్రాకారముగా అరగదీయవలెను. వెలుతురునకు బట్టి చూచిన సందు గనబడరాదు. కీళ్లయొద్ద తొడుగు లుండును. వానిని ఆ పనివారు లగ్గు లందురు. ఈ తొడుగుల యంచులను ఆకురాయితో నరగదీసి కొనలను సన్నము చేయుదురు. ఇది యలంకారమే గాదు. దళసరి యంచు ఠక్కున ముగిసినచో బరువంతయు ఆ గీటుపై నిలిచి గొట్టము అచటనే విఱుగును; యంచు పలుచబడి మెల్లగా ముగిసిన బరువు పంచుకొనబడును. అయినను అలంకారమున బోటీపడినవారును గలరు. లండనునందలి హెచిన్సు శాలవారు లగ్గులను లతలవలె గత్తిరించి, వెనుక గొట్టములను గూడ వంకరగా వంచిరి. ఆ కాలపు బందెగాండ్లు తమ సైకిలుపై తయారుచేసినవారి పేరు కనబడునట్లు ఛాయాచిత్రము తీయించుకొనగూడదు. అందుచే పేరు లేకున్నను ఆకారముచేతనే గుఱుతుపట్టునట్లు చేసిరని చెప్పుదురు. నామము నిషేధింపగా రూపము పలికినది! నా మట్టుకు సాదా లగ్గే మేలుగా దోచును.

గొట్టములను లగ్గులలో గూర్చిన పిమ్మట చిన్న రంధ్రములు తొలిచి సన్నని చీలలను గొట్టి నిలుపుదురు. అచ్చున బిగింపక చీలలతో నిలిపిన చట్రము కాగునప్పుడు తనంత దాను సాగుటకు ముడుగుటకు వీలుండునని మెర్షియన్ వారి మతము. తరువాత కొలిమి. ఇటుకల నడుమ గీలు నిలిపి, వాయువును గాలియును గలిపిన పెద్ద మంటలతో దానిని సమముగా గాచుదురు. ముందుగా వెలిగారపు జాతి మందు పూయుదురు. అది కరగి గాజువలె బాఱి త్రుప్పు పట్టనీయదు. మన కంసాలి పొడి పెట్టి యతుకు వేయునప్పటి క్రమమే యిది. పరిమాణము మాత్రము పెద్దది. ఇత్తడి కరగుటకు సుమారు 900 భాగల వేడి కావలెను. ఉక్కు కరగుటకు 1500 ప్రాంతము. ఈ రెంటి నడుమ శిల్పికి జాల చోటున్నట్లు తోచును గాని, నిజమునకు లేదు. వేడి మితిమీఱినచో 531 ఉక్కులోని రవ లావెక్కి బలము పోవును. చాలనిచో నిత్తడి పైన మాత్రము నిలిచి లోపలికి బాఱదు. రెండు దోషములును బయటికి గనబడవు. పైన రంగు పడిన పిమ్మట మంచి యతుకును చెడ్డయతుకును నొక్కరీతిగానే మెఱయును. ఆఱు నెలలకో యేడాదికో, కొండ దిగునప్పుడో, ఎక్కినవాని ప్రాణము మీదికి వచ్చును. అందుచేతనే కొలిమియొద్ద మాటలు సాగవు. ఎఱుపుయొక్క వన్నె చూచి వేడి నెఱుగవలెను గనుక మితిమీఱిన వెలుతురు పనికిరాదు. ఇత్తడి కడ్డీని లగ్గు అంచున నొకవైపు దాకించి, మంటను రెండవవైపునకు ద్రిప్పిన, కరగిన యిత్తడి వేడివెంట సన్నని సందులో బ్రాకి ఆవలియంచున బంగరుగీటువలె మెఱయును. ఆ గీటు గనబడినప్పుడే శిల్పి యూపిరి విడుచును. పిమ్మట నీళ్లలో ముంచక గాలికే చల్లాఱనిత్తురు.

ఈ వన్నె నెఱుగుట గ్రంథముచే రాదు. పూర్వము పదునాలుగేండ్ల బాలురు, 1947లో నిర్బంధ విద్యావయస్సు పెంచిన పిమ్మట పదునైదేండ్లవారు, శాలలో జేరి మొదట నేల యూడ్చి, తేనీరు కాచి, లగ్గులను రుద్దుచుండెడివారు. కొలిమికి వెళ్లుట తరువాతిమాట. అభ్యాసపు టతుకులను వేయించి, వానిని నిలువున గోసి, ఇత్తడి యెంతవఱకు బాఱినదో చూపుదురు. దీనికి మించిన పరీక్ష నేను పాఠశాలయందు నేనాడును బెట్టలేదు.

చల్లాఱిన చట్రమును వేడినీట నాననిచ్చి మందును గరగించి, మిగిలిన యిత్తడిని ఆకురాళ్లతో గీచివేయుదురు. దినములో నెక్కువభాగ మీ రుద్దుటకే చెల్లును. భుజము నొచ్చును, లోహపురజను ముక్కున దూఱును, మెప్పు మాత్రము రాదు. పని బాగుగానున్నచో అసలు పని జరిగినట్లే తోపదు. అనంతరము చదునైన యినుపబల్లపై చట్రమును బెట్టి వంకరను జూచి, చల్లగా నున్నప్పుడే వంచి సరిచేయుదురు. పెడలు ఇరుసు దూరుచోట మరలు చుట్టవలెను. ఇంగ్లీషు పద్ధతిని అంగుళమునకు 24 చుట్లు. కుడివైపున మాత్రము మరలు ఎదురుగా దిరుగును. లేనిచో దొక్కినకొలది కప్పు దనంతట దాను వదులగును. తుట్టతుదకు రంగు. పొయ్యిలో గాల్చి గట్టిపఱచు రంగులపై లగ్గుల యంచువెంట సన్నని కుంచెతో జేతిగీట్లు గీయుదురు. సీటుక్రింది గొట్టముపై మంగలియంగడి స్తంభమువలె చుట్టుచారలు దీర్చుట మెర్షియన్ వారి ప్రఖ్యాతమైన గుఱుతు.

1950 తరువాత మోటారుకార్లు చవుకయై సైకిలుసంఘములు సన్నగిల్లెను. అనేక శాలలు మూతపడెను. పెద్ద కార్ఖానాలును సుఖపడలేదు. పొరుగుననున్న నాటింగుహామునందలి రాలీ కార్ఖానా ప్రపంచమున బేరుపడ్డది. అట్టి మహాసంస్థయు పందెపుసైకిళ్లకు మాత్రము ఇల్కెస్టనులో చిన్నశాల పెట్టి చేతిపనివారినే యాశ్రయించెను. 1980లో టూర్ డి ఫ్రాన్సు పందెము గెలిచిన జూట్మెల్కు ఆ సంస్థ జట్టువాడే. 2002లో నాటింగుహామునందు రాలీవారి సైకిలు తయారీ నిలిచిపోయెను. డర్బీశాల మాత్రము నడచుచునే యుండెను. అల్యూమినియమును, పిదప కార్బన్ నారయు వచ్చి పందెగాండ్రు ఉక్కును విడిచినను, మంచి చట్రము నాశించువారు దేశాంతరములనుండియు గొలతలు పంపుచుండిరి.

2024 మే నెలలో, 78 యేండ్లు గడచిన పిమ్మట, మెర్షియన్ శాల మూసివేయుచున్నట్లు ప్రకటింపబడెను. పనిముట్లను వేలము వేసిన మరల గొనవచ్చును. ఎఱుపువన్నె నెఱిగిన కన్నులు ఇండ్లకు బోయిన మఱల గూర్చుట యెట్లని సైకిలుప్రియులు మిక్కిలి పరితపించిరి. రెండు నెలలు గడవకమున్నే, జూలైలో, సైకిలుపై నభిమానము గల యా ప్రాంతపు వర్తకులు కొందఱు కలిసి పేరును శాలను గొనిరి. చట్రములను డర్బీయందే కట్టింతుమని వారు ప్రకటించిరి.